పొయ్యిమూల లేని ఇల్లు

మా లోయలో ఎవరింటికి వెళ్లినా అందరూ ముందు చేసే పని ఒకటే. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, కూర్చుంటూనే అరచెయ్యి నేలకు ఆనించి చూస్తారు. నేల చుర్రుమంటే ఆ ఇల్లాలు మంచిది, ఆ ఇంట్లో కలిమి ఉంది, వచ్చినవాళ్లంటే ప్రేమ ఉంది. గోరువెచ్చగా ఉంటే ఏదో లోటుంది. చల్లగా ఉంటే ఇక చలికాలమంతా ఆ ఇంటి గురించే చెప్పుకుంటారు. గాలి ఎలా ఉంది, గోడ ఎలా ఉంది అని అడిగే నాథుడు లేడు. కొరియా కొండల్లో పుట్టినవాడికి వెచ్చదనం అంటే పిర్రల కింద ఉండేదే.

అలాంటి ఊళ్లో నేను నేల కాలని ఇల్లు కట్టుకున్నాను.

నా పేరు హేరాన్. ఇంజే బజారులో జన్మంతా ఇస్త్రీ దుకాణం నడిపాను. పిల్లలు లేరు. మా ఆయన పోయాక దుకాణం వేరేవాళ్లకు ఇచ్చేసి, ఆయన ఎప్పుడో కొన్న ఆలుగడ్డల చేను పక్కనున్న పాత ఇంట్లో చేరాను. ఆ ఇంట్లో చలికాలం గడిపినవాళ్లకు వేరే శిక్ష అక్కర్లేదు. వీపు కింద నేల మాడిపోయేది, ముక్కు మాత్రం గడ్డకట్టేది. తలగడ దగ్గర పెట్టుకున్న మంచినీళ్లు తెల్లారేసరికి మంచుబిళ్ల అయ్యేవి. ఉత్తరపు గోడకు నల్లగా బూజు పట్టేది, తుడిస్తే మళ్లీ పట్టేది. మా బాయిలర్ తాగే చమురు చూస్తే తాగుబోతు మొగుడే నయమనిపించేది.

దాన్ని పడగొట్టి కొత్తది కట్టిద్దామని చున్‌చన్ నుంచి ప్యో అనే ఆర్కిటెక్టును పిలిపించాను. ఆ మనిషి ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు ఏదో చూసుకుని ఆ రోజే వచ్చాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా చేలో నిలబడి, ఎదురు కొండ నీడ ఎక్కడిదాకా వస్తుందో మేకులు పాతి చూసుకున్నాడు. పిచ్చివాడేమో అనుకున్నాను. చలికాలపు ఎండ తగలని చోట గోడ లేపితే ఆ గోడకు జన్మంతా జలుబేనండి అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

అతను కట్టిన ఇల్లు ఉత్తరానికి వీపు తిప్పి, దక్షిణానికి ఒళ్లు చాచి కూర్చుంటుంది. దక్షిణాన మూడు పొరల అద్దంతో నిలువెత్తు కిటికీలు. ఉత్తరాన మొహం చూసుకునేంత కిటికీ ఒక్కటే. చూరు ఎంత ముందుకు రావాలో కొలిచి మరీ దించాడు. వేసవిలో ఎండ గుమ్మం దాటదు, చలికాలంలో తిన్నగా లోపలికి వచ్చి ఇంటి నడుమనున్న మట్టిగోడ మీద పడుకుంటుంది. పగలంతా ఆ గోడ ఎండ తాగుతుంది, చీకటిపడ్డాక మెల్లగా వదులుతుంది. బయటిగోడలు మూరెడు మందం, వాటి లోపల పాత కాగితాల పీచు కూరారు. సూది దూరే సందు ఎక్కడా లేదు. గాలి ఆడటానికి అటక మీద ఒక పెట్టె ఉంది. అది లోపలి పాతగాలిని బయటికి తోలుతూ, దాని వెచ్చదనం లాక్కుని, వచ్చే కొత్తగాలికి అంటిస్తుంది. నేల కింద వేడినీళ్ల గొట్టాలు ఉన్నాయి గానీ వాటికి పెద్ద పని లేదు. గుమ్మం దగ్గర ఎంత వెచ్చనో మంచం దగ్గరా అంతే. నేలను కాల్చారంటే మనుషులు ఉడికిపోతారు.

ఇదంతా నేను ప్యో దగ్గర కంఠతా పట్టాను. పాలవాడికి చెప్పాను, పోస్టువాడికి చెప్పాను. పాత ఇంట్లో దోసెడు చమురు తాగిన చోట, మొదటి చలికాలం ఇక్కడ బాయిలర్ చుక్క తాగింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకాన్ని నేను. కానీ ఈ కుందేలుకు నిజంగానే మూడే కాళ్లు.

గృహప్రవేశానికి ఊరంతా వచ్చారు. అందరూ మామూలుగా తెచ్చే టాయిలెట్ కాగితం చుట్టలూ సబ్బుపొడి పెట్టెలూ గోడ పొడుగునా పేర్చేశారు. కూర్చున్నారు. అరచేతులు నేలకు ఆనించారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను థర్మామీటర్ చూపించి, ఎండ గురించీ చూరు గురించీ చెప్పుకుంటూ పోయాను. చమటలు పడుతుంటే కోట్లు విప్పి పక్కన పెట్టుకుంటూనే, పాపం ఇల్లు చల్లగా ఉందని జాలిపడ్డారు. మర్నాడు పై ఇంటి ఓక్ అవ్వ మహిళా సంఘం తరఫున కరెంటు పరుపు పట్టుకొచ్చింది.

"అమ్మాయ్, మొగుడు పోయాక చేతిలో డబ్బు ఆడటం లేదేమో. మాకు చెప్పొద్దూ?" అంది.

ఇల్లు వెచ్చగానే ఉంది అవ్వా అన్నాను. ఆవిడ మళ్లీ ఒకసారి నేల తడిమి, నా చెయ్యి తడిమి, పరుపు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. దాన్ని విప్పకుండా అటకెక్కించాను. అంత కోపం వచ్చింది.

ఇంత గొప్ప ఇల్లు కట్టుకుని ఒక్కదానివే ఏం చేస్తావని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. అది ఒక్కదాని కోసం కట్టిన ఇల్లు కాదు. రెండో గది మా చెల్లెలిది.

మా ఇన్‌సన్ నాకంటే నాలుగేళ్లు చిన్నది. దక్షిణాన సముద్రం ఒడ్డున టొంగ్యోంగ్ బజారులో ఎండుచేపల దుకాణం పెట్టుకుని బతుకుతోంది. దానికీ మొగుడు లేడు. ఉన్నప్పుడు మాత్రం ఏం ఉద్ధరించాడు గనక. ఈ దేశానికి ఆ చివర అది, ఈ చివర నేను. ఫోనులో తిట్టుకోవడం తప్ప ఇద్దరం కలిసి ఒక పూట అన్నం తిని ఎన్నేళ్లయిందో. బజారులో ఉన్నన్నాళ్లూ నాకు ఒంటరితనం తెలియలేదు. పొద్దస్తమానం ఎవరో ఒకరు చొక్కా పట్టుకుని వచ్చేవాళ్లు. ఇక్కడికి వచ్చాక, సాయంత్రం ఎవరికైనా ఫోను చేస్తే గొంతు బొంగురుగా వచ్చినప్పుడు, పొద్దుటి నుంచి నోరు విప్పలేదని తెలిసేది. అలా ఇంకో పదేళ్లు బతకాలంటే నాకు భయం వేసింది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికి అసలు చెప్పలేదు. దానికి ఇంటి గురించే చెప్పాను. వచ్చి చూడవే, ఇలాంటి ఇల్లు ఇంకోటి లేదు అన్నాను.

చివరికి అది ఒప్పుకుంది. ఊళ్లో అందరూ చలికాలపు కిమ్చీ పచ్చడి పెట్టుకోవడం అయిపోయాక వస్తానంది.

"ఈ చలికాలం ఉండి చూస్తా అక్కా. నచ్చిందా, దుకాణం ఇచ్చేసి నీ దగ్గరికే వచ్చేస్తా. నచ్చలేదా, నా చేపల కాడికి నేను పోతా. తర్వాత ఏడవకూడదు," అంది.

ఎవరేడుస్తారు అన్నాను.

అది బస్సు దిగి వచ్చిన రోజు ఎండ బ్రహ్మాండంగా ఉంది. మట్టిగోడ దాకా వెలుగు పడి ఇల్లు బంగారంలా మెరుస్తోంది. ఎండుచేపల వాసనతో, రెండు సంచులతో లోపలికి వచ్చి, స్వెట్టర్ విప్పుతూనే కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించింది.

"అక్కా, బాయిలర్ పాడైందా?"

నేను మొదలుపెట్టాను. చూరు, ఎండ, పీచు, పెట్టె, అన్నీ చెప్పాను. అది మధ్యలో లేచి గదులన్నీ తిరిగొచ్చింది. ఎక్కడెక్కడో వంగి నేల తడిమింది. వెతుకుతున్నది ఏమిటో నాకు తెలుసు. మా చిన్నప్పటి ఇంట్లో పొయ్యి వంటింట్లో ఉండేది, దాని పొగా వేడీ పడుకునే గది నేల కిందనుంచి పారేవి. పొయ్యికి దగ్గరగా ఉన్న మూల ఎప్పుడూ కాలుతుండేది. అక్కడ నేలకు అంటించిన నూనెకాగితం మాడి గోధుమరంగుకు తిరిగేది. నాన్న ఆలస్యంగా వస్తాడని ఆయన అన్నం గిన్నె ఆ మూలనే బొంత కింద దాచేది అమ్మ. అదే బొంత కింద మేం కాళ్లు పెట్టుకుని, గిన్నె ఒరగకుండా ఒకళ్లనొకళ్లం తన్నుకునేవాళ్లం. గదిలో మిగతా చోట ఊపిరి వదిలితే పొగలా కనిపించేది. అందుకని ఎంత తిట్టుకున్నా అందరం ఆ మూలకే చేరేవాళ్లం.

"పొయ్యిమూల ఎక్కడ దీనికి?" అని అడిగింది ఇన్‌సన్.

ఇల్లంతా పొయ్యిమూలేనే అన్నాను. అది ప్యో మాట. ఎవరికి చెప్పినా అబ్బురపడేవాళ్లు.

"ఇల్లంతా అదే అయితే ఇంక అదెక్కడిది," అని అది సంచి విప్పుకోవడంలో పడిపోయింది.

మొదటి పదిరోజులూ బాగానే ఉన్నాం. దాని చేతి చేపపులుసు, నా చేతి ముల్లంగి కూర. మా ఆయన పోయాక మొదటిసారి నేను రెండో గిన్నె అన్నం పెట్టుకున్నాను. ఆ తర్వాత నాకొకటి అర్థమైంది, నాకు నచ్చని సంగతి. భోజనం కాగానే అది దాని గదికి, నేను నా గదికి. దాని గది వెచ్చగా ఉంది, నా గదీ వెచ్చగానే ఉంది. ఒకళ్ల దగ్గరికి ఒకళ్లు వెళ్లాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. గోడ అవతల అది ఫోనులో నాటకాలు చూసుకుంటూ నవ్వుకునేది. ఇవతల నేను ఎందుకు నవ్విందో తెలియక కూర్చునేదాన్ని. వెళ్లి పక్కన కూర్చోవచ్చు కదా అంటారు. ఏ వంకతో వెళ్లను? ఇస్త్రీ చేసే చేతులకు ఊరికే కూర్చోవడం చేతకాదు.

దానికి వేరే బాధలున్నాయి. ఇక్కడ పడుకుంటే చెవుల్లో దూది పెట్టినట్టుందనేది. గాలి వీస్తే వినపడదు, వాన పడితే వినపడదు, ఇదేం ఇల్లు అనేది. పొద్దున్నే లేచి కిటికీలన్నీ బార్లా తెరిచేది. దాని వెనకాలే నేను మూసుకుంటూ వచ్చేదాన్ని. పెట్టె ఉండగా కిటికీలెందుకే అంటే, పెట్టె ఊపిరి తీస్తే నేను తీసినట్టా అనేది. ఆదివారాల్లో ప్యో ఎవరినైనా ఇల్లు చూడటానికి తీసుకొస్తే నేను ముస్తాబై చెప్పేదాన్ని. ఇన్‌సన్ గుమ్మం దగ్గర టికెట్లు చింపుతున్నట్టు చేతులాడించి వెక్కిరించేది. నాకూ నవ్వొచ్చేది గానీ ఆపుకునేదాన్ని.

అంతా వెచ్చగా ఉన్న ఆ ఇంట్లో దానికి చలి వేస్తోందని నేను నమ్మలేదు. థర్మామీటర్ ఇరవై రెండు చూపిస్తుంటే ఎలా నమ్ముతాను?

తర్వాత సోయా గింజల గొడవ వచ్చింది. మంచు పట్టాక ఒకరోజు ఇన్‌సన్ ఓక్ అవ్వ దగ్గర గింజలు తెచ్చింది. అమ్మ చేసినట్టు చంగుక్‌జాంగ్ చేస్తానంది. గింజలు మెత్తగా ఉడికించి, గడ్డి పెట్టి, బొంతలో చుట్టి నేల మీద ఉంచితే రెండుమూడు రోజుల్లో తీగలు సాగేలా పులుస్తాయి. దాంతో పులుసు పెడితే ఊరంతా వాసన. దానికి చెయ్యి పెట్టలేనంత వేడి నేల కావాలి. మా నేల మీద అవి పులవలేదు, కుళ్లాయి. చెల్లెలు బొంత విప్పి వాసన చూసింది. ఈ రోజుల్లో దానికి మిషన్లున్నాయే, కొనుక్కోక ఎందుకీ చాదస్తం అన్నాను. అది గిన్నె తీసుకెళ్లి మంచులో పారబోసి వచ్చింది.

ఆ తర్వాతి వారం నాకు పళ్ల డాక్టరు దగ్గర పని ఉండి పొద్దున్నే ఇంజే వెళ్లాను. బస్సులు ఆలస్యమై మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాను. బయట ఒకటే మంచు కురుస్తోంది. దూరం నుంచే కనిపించింది, నా దక్షిణపు కిటికీలు మూడూ బార్లా తెరిచి ఉన్నాయి. పరుగులాంటి నడకతో వచ్చి తలుపు తీశాను. లోపల ఆవిరిగదిలా ఉంది. నేను పొద్దున్న గడప దాటగానే బాయిలర్ చివరికంటా పెంచేసి, ఇల్లు ఉడికిపోతుంటే కిటికీలు తెరిచేసింది. మట్టిగోడ పక్కన నేల మీద బొంత పరిచి, దాని కింద గింజల గిన్నె పెట్టి, పక్కనే వెల్లకిలా పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. కిటికీలోంచి మంచుపూలు వచ్చి దాని జుట్టు మీద కరుగుతున్నాయి. వచ్చినప్పటి నుంచీ దాని మొహం అంత హాయిగా ఉండటం నేను చూడలేదు.

నన్ను చూసి, లేవకుండానే బొంత అంచు పైకెత్తింది.

"రా అక్కా. కాళ్లు పెట్టు. భలే కాలుతోంది."

నేను ఏం చేశానో చెబుతాను, మీరే చెప్పండి ఎవరైనా ఏం చేస్తారో. మంచు ఇంట్లోకి కొడుతోంది. చెక్కనేల తడుస్తోంది. ముందు కిటికీలు మూశాను. తర్వాత వెళ్లి బాయిలర్ తగ్గించాను. తర్వాత థర్మామీటర్ చూశాను. ఇవన్నీ అయ్యాక వెనక్కి తిరిగితే బొంత అంచు కిందికి దిగి ఉంది. చెల్లెలు లేచి కూర్చుని ఉంది.

అప్పుడైనా ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఇంత ఇల్లు కట్టింది మంచుకు అప్పజెప్పడానికా, నీకెన్నిసార్లు చెప్పాను, నీకోసమే కదా ఇదంతా అని అరిచాను. అది అరవలేదు. మామూలుగా మా ఇద్దరిలో గొంతు దానిదే పెద్దది.

"అక్కా, ఒక్కటి అడుగుతా. నన్ను రమ్మంది నీ దగ్గర ఉండటానికా, నీ ఇల్లు చూడటానికా?"

నా దగ్గర ఉండటానికే అనాలి. నాలుక చివర దాకా వచ్చింది. కానీ రెండూ ఒకటే కదా అన్నాను. నిజానికి ఆ పూట నాకు రెండూ ఒకటే అనిపించింది. దాని కోసం ఇల్లు కట్టాను, ఇంటిని కాపాడితే దాన్ని కాపాడినట్టే అనుకున్నాను. అందులో తప్పేముందో ఇప్పటికీ నాకు పూర్తిగా ఎక్కదు.

గిన్నెను తీసుకెళ్లి ఓక్ అవ్వ ఇంటి నేల మీద పెట్టింది, ఆ విడత గింజలు తీగలు సాగాయి. సగం నాకు డబ్బాలో పెట్టి, సగం కట్టుకుని, మూడోనాడు పొద్దున బస్సుకు అది వెళ్లిపోయింది. కోపంగా వెళ్లలేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. దుకాణం చూసుకుంటున్న పక్కామె నడుం పట్టేసిందట, పండగ బేరాలు మొదలవుతాయి అంది. నచ్చలేదు అన్నమాట మాత్రం అనలేదు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఏడవకూడదని ముందే ఒప్పుకున్నాంగా.

ఇంటికి వచ్చి దాని గదిలో పక్క మడతపెట్టాను. దుప్పట్లు ఇస్త్రీ చేశాను. ఆ సాయంత్రం గోడ అవతల ఎవరూ నవ్వలేదు.

కొత్త ఏడాది వచ్చింది. చలి ముదిరింది, ఏరు గడ్డకట్టింది. అప్పుడు గమనించాను, ఇంట్లో ఇరవై రెండు ఉండటం లేదు. ఇరవై ఒకటి, పొద్దున పూట అంతకంటే తక్కువ. కిటికీ అంచులన్నీ తడిమాను. కొవ్వొత్తి వెలిగించి తలుపు సందుల దగ్గర పెట్టి చూశాను, మంట కదల్లేదు. పెట్టె తెరిచి దుమ్ము దులిపాను. అద్దాలు తుడిచాను, ఎండ తగ్గుతోందేమోనని. లాభం లేదు. ఎక్కడో ఏదో కారిపోతోంది, ఎక్కడో కనిపించడం లేదు. ఒకరోజు ఓక్ అవ్వ వచ్చి అలవాటుగా నేల తడిమింది. ఆవిడ ఏమీ అనకముందే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ప్యోకి ఫోను చేశాను. నా గొంతు గట్టిగానే ఉంది. మీ ఇల్లు రెండో చలికాలానికే చల్లబడింది, ఇదేనా మీ లెక్క అని దులిపేశాను. ఆ మనిషి ఓపిగ్గా ఒక్కొక్కటే అడిగాడు. కిటికీలు చూశారా, పెట్టె చూశారా, బాయిలర్ ఎంతలో ఉంది, పెంచారా తగ్గించారా. అన్నిటికీ చెప్పాను, ఈ చలికాలం మొదట్లో ఇరవై రెండు దాటుతోందని బాయిలర్ ఒక మెట్టు తగ్గించిన సంగతితో సహా. కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"ఇంట్లో ఇప్పుడు ఎంతమంది ఉంటున్నారండి?" అని అడిగాడు.

ఒక్కదాన్నే అన్నాను. చెల్లెలు వెళ్లిపోయింది అన్నాను.

కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"అయితే ఇంట్లో లోపమేం లేదండి," అన్నాడు తర్వాత, చాలా మెల్లగా. "ఇద్దరుంటారని మీరు చెబితే ఇద్దరికే లెక్క వేశాను. మనిషి ఊరికే కూర్చున్నా ఒంటి నుంచి ఒక పాతకాలపు బల్బంత వేడి వస్తుంది. మామూలు ఇళ్లలో అది ఎటు పోతుందో కూడా తెలియదు. మీ ఇంట్లో తెలుస్తుంది."

ఇంకా ఏదో చెప్పాడు. దానిదేముందండి, బాయిలర్ ఒక్క మెట్టు పెంచండి, సరిపోతుంది అన్నాడు. నేను సరేనండి అని పెట్టేశాను.

పెంచలేదు. బాయిలర్ మీట దగ్గరికి వెళ్లి నిలబడి వెనక్కి వచ్చేశాను. వంటింట్లో చెల్లెలు కూర్చునే వైపు వెళ్లి కూర్చున్నాను. ఇంట్లో దొంగ పడితే ఏం పోయిందో వెతుక్కుంటాం. నేను పదిరోజులు కొవ్వొత్తి పట్టుకుని గోడలన్నీ వెతికాను. పోయిందేమిటో థర్మామీటర్ చెబుతూనే ఉంది, నాకే చదవడం రాలేదు. నాకు చాలా దుఃఖం వచ్చింది. ఒక్కదాన్నేగా, ఎవరు చూస్తారు, గట్టిగా ఏడ్చాను. ఆ గోడలలోంచి ఏడుపు బయటికి పోదు కూడా.

మొహం కడుక్కుని ఇన్‌సన్‌కి ఫోను చేశాను. బజారు వేళ. వెనకాల బేరాలు, బళ్ల చప్పుడు, సముద్రపు పక్షుల అరుపులు.

"ఏంటక్కా ఈ టైములో?" అంది.

"ఇల్లు చల్లబడిందే," అన్నాను.

అది పకపకా నవ్వింది. నీ ఇల్లు చల్లబడటమేంటి, బయట భూమి గడ్డకట్టినా చల్లబడదని నువ్వేగా చెప్పావు అంది. గుమ్మం దగ్గర టికెట్లు చింపినదాన్ని, నాకు తెలీదా అంది. మామూలుగా అయితే దానికి నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ రోజూ ఉంది. మింగేశాను.

"నువ్వన్నదే నిజం. నేల చల్లగా ఉంది. మొదటి రోజు నువ్వు చెయ్యి పెట్టినప్పుడే చల్లగా ఉంది."

నవ్వు ఆగింది. వెనకాల ఎవరో ఎండురొయ్యలు ఎంతని అడుగుతున్నారు. అది వాళ్లకు జవాబు చెప్పలేదు.

"బాయిలర్ పెంచుకోక?" అంది చివరికి.

ఒక్కదాని కోసం ఎందుకే అన్నాను. అంతకంటే చెప్పడం నాకు చేతకాలేదు. అంతవరకైనా నా జన్మలో మొదటిసారి చెప్పాను. అది ఊపిరి పీల్చి వదలడం వినిపించింది.

"బేరం వచ్చింది అక్కా. ఉండు," అంది.

ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. ఏ చేపల బుట్ట మీదో ఆనించినట్టుంది. రొయ్యల ధర చెప్పింది, ఎవరినో కసిరింది, సంచి కట్టింది. ఆ బేరం అయిపోయింది, ఇంకొకటి వచ్చింది. తను నాతో మాట్లాడలేదు. కట్ కూడా చెయ్యలేదు. నేను ఫోను గొంతు చివరికంటా పెంచి, దాన్ని నేల మీద పెట్టి, పక్కన పడుకున్నాను. టొంగ్యోంగ్ బజారు మొత్తం నా ఇంట్లోకి వచ్చింది. అది దుకాణం రేకు తలుపు దించిన చప్పుడు వినపడేదాకా నేను అలాగే ఉన్నాను.